తొమ్మిదో నంబరు వేషం

నమోదు 211, గురువారం

గుర్తింపు మండలి పరిశీలన సోమవారం. పొద్దుటి నుంచి పరీక్ష గది గోడలకు పేరుకున్న ఉప్పు గీకిస్తున్నాను. సముద్రంలో తేలే ఊరు మాది, ఈ నాలుగో తెప్ప మీద ఏ గోడను ఎంత గీకినా వారం తిరిగేసరికి మళ్ళీ తెల్లగా పొక్కుతుంది. కూలీలు దొరకలేదు. నా శిష్యులు పదకొండుమందీ తలో రేకుముక్కా పట్టుకొని దిగారు. మనుషుల మనసులు బాగుచేసే చదువు మూడేళ్ళు చదివినవాళ్ళ చేత గోడలు గీకిస్తున్నానే అని సిగ్గేసింది. లోవరాజు మాత్రం, "ఇది కూడా శిక్షణే అని రాసెయ్యండి మేడమ్, నాలుగు గంటలు కలిసొస్తాయి" అని అందరినీ నవ్వించాడు.

గంటలే మా పెద్ద తంటా. చదువు పూర్తయ్యేలోగా ఒక్కొక్కరూ పదిహేనువందల గంటలు బాధలో ఉన్న మనుషులతో కూర్చోవాలని మండలి నియమం. బాధలో ఉన్నవాళ్ళు మా దగ్గరికి వస్తేగా? ఇంటింటికీ ఊరడింపు పెట్టె ఉంది. దిగులేస్తే దానితో చెప్పుకుంటారు. అది ఊఁ కొడుతుంది, ఓదారుస్తుంది, జోకొట్టి నిద్రపుచ్చుతుంది. పెట్టెకు లొంగని దిగులు నాలుగువేలమంది ఉన్న తెప్ప మొత్తం మీద ఏడాదికి ఆరేడు వస్తాయి. వాటిని గుర్తింపు ఉన్న మనిషే చూడాలని చట్టం. ఈ తెప్ప మీద ఆ గుర్తింపు ఉన్నది నా ఒక్కదానికే.

అందుకని మేం రోగి వేషాలు కట్టిస్తాం. కోనసీమ మునిగినప్పుడు పడవలెక్కి వచ్చినవాళ్ళలో పద్యనాటకాల వాళ్ళు పాతికమంది దాకా ఉన్నారు. ఒక్కొక్కరికీ నంబరు వేసిన కథ ఒకటి ఇస్తాం. నాలుగో నంబరు భయాలవాడు, ఏడో నంబరు బాలింత దిగులు, అలాగ. వాళ్ళు ఆ కథ బట్టీ పట్టి శిష్యుల ముందు కూర్చుంటారు. మండలి వేషాల గంటలను కూడా ఒప్పుకుంటుంది. ఒప్పుకోకపోతే మా బడి ఎప్పుడో మూతపడేది.

సాయంత్రం తమ్ముడు రత్నాజీ వచ్చి గోడలు చూసి వెళ్ళాడు. వాడూ ఈ చదువే చదివాడు, ఏడో తెప్ప మీద. ఆఖరి ఏడాదిలో ఉండగా ఆ బడికి గుర్తింపు పోయింది. బడి తప్పుకు పిల్లలేం చేస్తారని ఎవరూ అడగలేదు. ఆ సర్టిఫికెట్టు చూసి ఏ ఆసుపత్రీ గుమ్మం ఎక్కనివ్వలేదు. ఇప్పుడు ఉప్పునీళ్ళ వడపోతలో జల్లెళ్ళు కడుగుతాడు. "అక్కా, నీ పిల్లలకి నా గతి పట్టనీకు" అన్నాడు వెళ్తూ. వాడు ఎప్పుడూ అలా అడగడు.

నమోదు 215, సోమవారం

పరీక్షలు అయిపోయాయి. గండం గడిచినట్టే ఉంది.

మండలి అంటే మనిషి రాడు. గది పైకప్పుకు ఒక కన్ను బిగిస్తారు. ఎర్రదీపం వెలిగితే చూస్తున్నట్టు. అప్పుడప్పుడు రేడియోలో వార్తలు చదివినట్టు ఒక గొంతు మాట్లాడుతుంది. తొమ్మిది పరీక్షలు సాఫీగా జరిగాయి. తొమ్మిదో నంబరు వేషం దగ్గర చిన్న గొడవైంది. ఇక్కడ రాసిపెట్టడం మంచిది.

తొమ్మిదో నంబరు కట్టేది సన్యాసిరావు గారు. అరవై రెండేళ్ళు. ఒకప్పుడు రాజు వేషాలకు పెట్టింది పేరు. ఆయన కథ ఇదీ: వరదలో భార్యను పోగొట్టుకున్న జాలరి, నిద్ర పట్టదు, పనిమీద ధ్యాస లేదు. ముందు కెజియాకు, తరవాత లోవరాజుకు ఆయనే రోగి. నియమం ప్రకారం ఇద్దరికీ ఒకే ఘట్టం చేసి చూపించాలి.

కెజియా నా పదకొండుమందిలో తక్కువ మాట్లాడే పిల్ల. మొదటి పది నిమిషాలూ కథ ప్రకారమే నడిచింది. తరవాత వరద వచ్చిన రోజు గురించి అడిగింది. సన్యాసిరావు గారు భుజం మీది తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నారు.

"చెయ్యి జారిపోలేదండి. నేనే వదిలేసేను" అన్నారు.

కథలో ఆ మాట లేదు.

"పడవ ఒరిగిపోతందండి. ఓ చేత్తో తాడు, ఓ చేత్తో దాన్ని పట్టుకున్నాను. రెండూ పట్టుకుంటే ఇద్దరం పోతాం. వదిలేసేను. అన్నయ్యా అందండి. అంతే, ఇంకేం అన్లేదు."

నటులకు మనోధర్మం ఉంటుంది. కథను పెంచుతారు. నేను అలాగే అనుకున్నాను. కెజియా మాత్రం కలం కింద పెట్టేసి, కుర్చీ ముందుకు జరుపుకొని, "సన్యాసిరావు గారూ, ఇది వేషం కాదు కదండీ?" అంది.

వేషధారిని సొంత పేరుతో పిలవకూడదు. అది పద్నాలుగో నియమం. గొంతు వెంటనే పలికింది: "పరీక్ష భంగమైంది. పరీక్షాధికారి నిర్ణయం చెప్పాలి." మధ్యలో ఆగిన పరీక్షకు నిర్ణయం ఒక్కటే. అనుత్తీర్ణురాలు అన్నాను. తప్పినవాళ్ళు రెండేళ్ళ దాకా ఏ రోగి ఎదుటా కూర్చోకూడదు, కూర్చుంటే జన్మలో గుర్తింపు రాదు. కెజియా లేచి వెళ్ళింది.

లోవరాజు వచ్చి కూర్చున్నాడు. సన్యాసిరావు గారు తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నారు. మా నాన్న నాటకాలకు హార్మోనియం వాయించేవాడు, నేను పుట్టి పెరిగింది స్టేజీ ముందే. పద్యం బాగా పాడితే జనం వన్స్ మోర్ అంటారు. సీన్లో చచ్చిపడినవాడు కూడా లేచి మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపడాల్సిందే. నా నోట ఆ మాటే వచ్చింది. "అద్భుతమండీ. వన్స్ మోర్" అన్నాను.

ఆయన నా వంక చూశారు. స్టేజీ మీద చేసినట్టే రెండు చేతులూ జోడించి, మొదటి నుంచి మొత్తం మళ్ళీ చేశారు. లోవరాజు ఒక్క నియమం తప్పలేదు. అందరిలోకీ ఎక్కువ మార్కులు అతనికే.

నమోదు 216, మంగళవారం

మండలి తొలి అభిప్రాయం వచ్చింది. "రోగి వేషాల సహజత్వం ప్రశంసనీయం" అని ప్రత్యేకంగా రాశారు. ఏడేళ్ళ గుర్తింపు ఖాయమన్నట్టే. పిల్లలు నాచు పకోడీలు వేయించుకొచ్చారు.

కెజియా పకోడీలకు రాలేదు. అందరూ వెళ్ళాక వచ్చింది.

"నా మార్కుల గురించి రాలేదండి" అంది. "సన్యాసిరావు గారిని ఎవరైనా చూస్తున్నారా?"

"ఆయన నటుడమ్మా. నువ్వింకా పిల్లవి, నీకు తెలీదు. వాళ్ళు అలాగే చేస్తారు."

"భార్య అన్నయ్యా అని ఎందుకంటుంది మేడమ్?"

నాకు ఒళ్ళు మండింది. నియమాలు చదవలేదా అని కసిరాను. నీ ఒక్కదాని తొందరపాటు వల్ల మిగిలిన పదిమందికీ ముప్పు వచ్చేదని కూడా అన్నాను. ఆ పిల్ల "సరేనండి" అని వెళ్ళిపోయింది. అంత గట్టిగా అరవాల్సింది కాదు.

నమోదు 218, గురువారం

మధ్యాహ్నం భోజనాల వేళ రత్నాజీ ఒక గుడ్డమూట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. విప్పితే కిరీటం.

"సన్యాసిరావు గారు ఇచ్చేడక్కా. మా వీధిలో తలో వస్తువూ పంచి పెట్టేత్తన్నాడు. భుజకీర్తులు ఆ మూలింటోళ్ళకి, గద ఎవరికో. అంత సంతోషంగా పంచుతుంటే నాకు భయమేసింది. నేనూ చదివేను కదా ఈ చదువు."

కిరీటం బల్ల మీదే వదిలేశాను. ఇద్దరం ఆయన ఇంటికి పరిగెత్తినట్టే వెళ్ళాం. ఆయన ట్రంకుపెట్టె తుడుచుకుంటున్నారు.

"రండి మేడమ్ గారూ. కుర్చీ లేదు, ఈ పెట్టి మీద కూర్చోండి. ఖాళీయే."

"అవన్నీ ఎందుకిచ్చేశారు?"

"ఇంకెవరికోసమండి?"

తిన్నగా అడిగాను. "సోమవారం మీరు చెప్పింది మీ సొంత కథేనా?"

"ఆయ్. మా చెల్లి. చిట్టితల్లి అనేవాళ్ళం."

"కెజియా అడిగింది కదా. అప్పుడెందుకు చెప్పలేదు?"

"చెబ్దామనే నోరు తెరిచేనండి. ఆ పిల్లని పంపించేసేరు. ఈలోగా మీరు వన్స్ మోర్ అన్నారు. సరే, ఇదీ నాటకంలోకే పోయిందనుకున్నాను." ఆయన తుడుస్తున్న గుడ్డ పక్కన పెట్టారు. "రెండోసారి ఇంకా బాగా వచ్చిందండి. గొంతు ఎక్కడ ఆపాలో తెలిసిపోయింది. చెల్లి చావుని బాగా చేసేననుకున్నాను చూడండి, అదే నన్ను తినేస్తంది. నేనేం మనిషినండి."

"పెట్టెతో చెప్పుకున్నారా?"

"అది నా తప్పేం లేదంటదండి. ఎన్నిసార్లు చెప్పినా అదే మాట. తప్పు లేదనేవాళ్ళతో ఏం మాట్లాడతాం?"

నా దగ్గరికి రమ్మన్నాను. రోజూ గంటసేపు కూర్చుందామన్నాను. నాకు గుర్తింపు ఉందని కూడా చెప్పాను, నా మొహం, అదేదో బిరుదైనట్టు.

"మీ దగ్గర వద్దండి" అన్నారు చాలా మర్యాదగా. "ఏమీ అనుకోకండి. మిమ్మల్ని చూస్తే చాలు, నా గొంతు దానంతటదే సర్దుకుంటంది. మీరు మెచ్చుకోవాలనిపిస్తది. మీ దగ్గర నేను నటించేస్తానండి. ఆ పిల్ల దగ్గరైతే వస్తాను. ఆ పిల్ల నన్ను పేరు పెట్టి పిలిచింది."

"ఆ అమ్మాయి ఇప్పుడు రోగులను చూడకూడదండీ."

"అలాగాండి. పోన్లెండి, ఆదివారం దాకా ఉంటాను." ఆదివారం ఏమిటని అడిగితే, చిట్టితల్లి పోయిన తిథి అన్నారు.

రత్నాజీని అక్కడే ఉండమన్నాను. వాడు వడపోతకు సెలవు పెట్టి, ఆయన గుమ్మంలో చాప వేసుకున్నాడు.

అదే రోజు, ఇంకొంచెం

215లో నేను రాసింది అబద్ధం. మనోధర్మం అనుకున్నానని రాశాను. అనుకోలేదు. "అన్నయ్యా" అన్న మాట వినగానే నాకు తెలిసింది. పాతికేళ్ళుగా చేస్తున్న పని, తెలియకుండా ఎలా ఉంటుంది? కెజియా కంటే ముందే తెలిసింది. పైన ఎర్రదీపం వెలుగుతోంది. పరీక్ష ఆగితే వేషానికి బదులు నిజమైన రోగిని కూర్చోబెట్టారని రాస్తారు, బడికి గుర్తింపు పోతుంది, పదకొండుమందీ రత్నాజీలవుతారు. అదంతా రెప్పపాటులో లెక్కేసుకున్నాను. లెక్కేసుకొని ఆ పిల్లను తప్పించి, ఆయన్ను మళ్ళీ ఏడిపించాను. చెప్పుచ్చుకు కొట్టుకున్నా తీరేది కాదు.

నమోదు 219, శుక్రవారం

తప్పించుకునే దారులన్నీ వెతికాను. సిగ్గు లేకుండా వెతికాను. రెండో తెప్ప మీద గుర్తింపు ఉన్న ఆయన ఒకరున్నారు. వాయుగుండం ఉంది, సోమవారం దాకా పడవలు నడవవు. తీగ మీద మాట్లాడించబోతే సన్యాసిరావు గారు "ఎవరో తెలీని మనిషికి ఏం చెబుతానండి" అని పక్కకు తిరిగి పడుకున్నారు.

కెజియాను పిలిచి ఉన్నదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

"ఇప్పుడే వెళ్తానండి" అంది.

"నువ్వు తప్పినదానివి. ఆయన ముందు కూర్చున్నావని తెలిస్తే జన్మంతా నీకు గుర్తింపు రాదు."

"తెలుసండి. ఆదివారం ఎల్లుండే కదండీ."

అని చెప్పులు వేసుకుంటోంది. నేను ఊరుకుంటే సరిపోతుంది. ఆ పిల్ల వెళ్తుంది, ఆయన బతుకుతారు, బడి నిలుస్తుంది, పదిమందీ ఉద్యోగాల్లో చేరతారు. నష్టం కెజియా ఒక్కదానికే. ఒక్క క్షణం ఆ ఆలోచన నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి చెయ్యి రావడం లేదు. చేసింది నేను, అనుభవించేది ఆ పిల్ల.

"ఒక్క పూట ఆగమ్మా" అన్నాను. "ఈ పూటకి రత్నాజీ ఉన్నాడు. రోగిది నిజమైన బాధైతే పరీక్ష ఆపడం తప్పు కాదు, నేను మండలికి ఆ మాట చెబితే చాలు. రేపు పొద్దున నువ్వు పాసైనదానిగానే వెళ్దువు గాని."

నమోదు 220, శనివారం

తెల్లారగానే పరీక్ష గదికి వెళ్ళి మండలిని పిలిచాను. ఎర్రదీపం వెలిగింది. జరిగింది చెప్పాను. గొంతు అడిగింది, నేను చెప్పాను, అంతే. ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"వేషధారి నిజంగా బాధలో ఉన్నట్టు మీకు ఎప్పుడు తెలిసింది?"

"సోమవారమే."

"కెజియా పరీక్ష ఆపకముందా, తరవాతా?"

"ముందే."

"తెలిసి అదే ఘట్టాన్ని రెండోసారి చేయించారా?"

"చేయించాను."

"కారణం?"

"మీరు చూస్తున్నారని."

గొంతు "కారణం నమోదైంది" అంది.

ఎనిమిదింటికల్లా ఉత్తర్వు వచ్చింది. బాధలో ఉన్న మనిషిని గుర్తుపట్టి పరీక్ష ఆపినందుకు కెజియా ఉత్తీర్ణురాలు. సోమవారం నాటి పది నిమిషాలూ ఆమె మొదటి వైద్యం కింద లెక్క, ఆ రోగిని ఆమే కొనసాగించవచ్చు, రెండో తెప్ప ఆయన తీగ మీద పర్యవేక్షిస్తారు. నా గుర్తింపు రద్దు. బడి గుర్తింపు రద్దు. మిగిలిన పదిమంది పరీక్షలూ చెల్లవు, గంటలూ చెల్లవు. కావాలంటే గుర్తింపు ఉన్న ఇంకో బడిలో మొదటి ఏడాది నుంచి చేరాలి. గుర్తింపు ఉన్న బడులు ఇక మూడే ఉన్నాయి, ఒక్కో దాంట్లో ఏడాదికి నలుగురిని తీసుకుంటారు.

ఉత్తర్వు పట్టుకొని కెజియా సన్యాసిరావు గారింటికి వెళ్ళింది. పదకొండింటికి రత్నాజీ బయటికొచ్చి, "మాట్లాడతన్నాడక్కా" అన్నాడు. తరవాత పదిమంది పేర్లూ అడిగి, ఒక్కొక్కరి ఇంటికీ వాడే వెళ్ళి చెప్పి వచ్చాడు. నేను వెళ్ళాలి నిజానికి. నాకు ఏ మొహమూ మిగల్లేదు.

నమోదు 221, ఆదివారం

సన్యాసిరావు గారు ఉన్నారు. కెజియా పొద్దున వెళ్ళి సాయంత్రం దాకా కూర్చుంది. తద్దినం పెట్టించారట. చెల్లెలి పేరు చెప్పి అందరి ముందూ బావురుమన్నారట. ఇవాళ్టికి ఇది చాలు.

నమోదు 223, మంగళవారం

పడవలు కదిలాయి. కెజియాకు కూర్చోవడానికి వేరే చోటు లేక పరీక్ష గదే ఇచ్చాను. కన్ను ఊడదీసి తీసుకుపోయారు. లోపల ఆ పిల్ల, సన్యాసిరావు గారు. నేను బయట వరండాలో కూర్చొని పదిమంది సర్టిఫికెట్ల కట్ట విప్పి, చెల్లని వాటి మీద అడ్డంగా గీతలు కొడుతున్నాను. అదీ ఉత్తర్వులో ఉంది.

లోవరాజు సంచీ భుజాన వేసుకొని వచ్చాడు. మూడు బడులకూ రాశాడట, ఎవరూ తీసుకోలేదట. ఐదో తెప్ప నాచు తోటల్లో పని దొరికిందన్నాడు. అతను నవ్వించకుండా మాట్లాడటం చూడటం ఇదే మొదటిసారి.

"నన్ను క్షమించమని అడగను లోవరాజూ" అన్నాను. "అడిగే హక్కు లేదు."

"మీరు చెప్పెయ్యడం రైటేనండి. ఆయన బతకాలి, కెజియా పాసవ్వాలి. అందులో నాకు పేచీ లేదు." సంచీ కింద పెట్టాడు. "ఒక్క మాట అడిగి పోదామని వచ్చేను. ఆ రోజు ఆయన అన్నయ్యా అన్నప్పుడు నాకూ అనుమానం వచ్చిందండి. మీ మొహం చూసేను. కానివ్వమన్నట్టు తలూపేరు."

ఊపాను. గుర్తుంది.

"నేను కానిచ్చేను. మూడేళ్ళూ మీరు నేర్పింది అదే కదండీ మేడమ్, అనుమానం వస్తే మీ మొహం చూడమని. కెజియా చూళ్ళేదు. నేను చూసేను. అందులో నా తప్పెంతండి?"

ఎదురు మాట్లాడటం కాదది. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. నీ తప్పేం లేదని చెబుదామని నోటిదాకా వచ్చి, చెప్పలేకపోయాను. ఉందని కూడా చెప్పలేను. చేతిలో అతని సర్టిఫికెట్టే ఉంది, సగం గీత కొట్టి ఉంది. లోవరాజు జవాబు కోసం నా మొహంలోకి చూస్తూ, పడవ రెండో కూత కూసేదాకా అక్కడే నిలబడ్డాడు.